కార్డు మన జేబులోనే... సొమ్ము మాత్రం ఎవరి పాలు?

జీతం రోజున నోట్ల కట్టతో ఇంటికి బయలుదేరిన ఉద్యోగి బస్సులో ఒక చేత్తో కడ్డీని, మరొక చేత్తో జేబును పట్టుకొని నిలబడిన కాలం మనలో చాలామందికి గుర్తున్నది. దొంగ ఎక్కడ ఉండగలడో ఆనాడు మనకు తెలుసు. గుంపులోనే, మన పక్కనే. నేడు జీతం నేరుగా ఖాతాలో జమ అవుతున్నది. సెక్టర్ 15 మార్కెట్‌లో కూరగాయల దగ్గర నుండి స్వగ్రామానికి రైలు టికెట్టు వరకు అన్నిటికీ కార్డో, ఫోనో చాలు. జేబును పట్టుకొని నిలబడవలసిన పని లేదు. అయితే దొంగ ఎక్కడ ఉన్నాడన్నది మాత్రం ఇప్పుడు మనకు తెలియదు. కార్డు పర్సులో భద్రంగా ఉండగానే సొమ్ము మాయమవుతున్నది.

ఈ మోసాలు సామాన్య ఖాతాదారునికి నిజంగా ఎంత తరచుగా ఎదురవుతున్నాయి? ఎందుకు జరుగుతున్నాయి? జరిగినప్పుడు నష్టం ఎవరు భరించాలి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ వ్యాస ఉద్దేశం. పాఠకులను భయపెట్టడం మా అభిమతం కాదు. నిష్కారణమైన భయం ఎంత చెడ్డదో నిష్కారణమైన ధీమా కూడా అంతే చెడ్డది.

ఒక ఇంటి కథ

మా సహోద్యోగి ఒకరు కొన్నాళ్ళ క్రితం పర్వత ప్రాంతంలోని ప్రాజెక్టులో పనిచేస్తుండేవారు. పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని ఫరీదాబాద్‌లోనే ఉంచారు. ఇంటి ఖర్చుల నిమిత్తం భార్య పేరిట తన క్రెడిట్ కార్డుకు అనుబంధ కార్డు తీసుకున్నారు. ఒక మధ్యాహ్నం ఆమెకు ఫోను వచ్చింది. మీ కార్డుపై చేరిన రివార్డు పాయింట్లు ఈ సాయంత్రంతో రద్దవుతాయి, ఇప్పుడే నగదుగా మార్చి ఇస్తాము అని అవతలి వ్యక్తి హిందీలో ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆమెకు హిందీ అంతంత మాత్రమే. అర్థమైనంతలో "జీ, జీ" అంటూ వచ్చారు. కార్డు సంఖ్య, గడువు తేదీ, వెనుకనున్న మూడంకెలు చెప్పారు. ఆపైన ఫోనుకు వచ్చిన ఓటీపీ రెండుసార్లు చదివి వినిపించారు. ఎవరికీ చెప్పరాదన్న హెచ్చరిక ఆ సందేశంలోనే ఉన్నది. కాని అది ఇంగ్లీషులో ఉన్నది. అంకెలు మాత్రం ఏ భాషవారికైనా అంకెలే.

ఆ రోజు రెండు లావాదేవీలలో నలభై వేల రూపాయలకు పైగా పోయాయి. సంగతి ఆమెకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది. కాని ఎవరికీ చెప్పలేదు. కొండల్లో ఉన్న మనిషిని కంగారు పెట్టడం ఎందుకన్నది ఒక కారణం. "ఈమాత్రం తెలియదా?" అంటారేమోనన్నది రెండవ కారణం. మూడవ రాత్రి ఒక విదేశీ వెబ్‌సైటులో డాలర్లలో మరొక కొనుగోలు జరిగింది. దానికి ఓటీపీ అవసరమే కలుగలేదు. పదకొండవ రోజున బిల్లు వచ్చిన తరువాతనే మా మిత్రునికి విషయం తెలిసింది.

ఆ దంపతుల అనుమతితోనే, పేర్లు లేకుండా ఈ వృత్తాంతాన్ని ఇక్కడ చెబుతున్నాము. "పోయిన డబ్బుకు బాధ లేదండీ. పదకొండు రోజులపాటు ఆవిడ ఒక్కతే ఆ బరువు మోసింది. నేను అడిగితే తిడతాననుకుంది. అదే నా బాధ" అన్నారాయన మాతో. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోగోరుతాము. వ్యాసం చివర మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

కార్బన్ కాగితం నుండి చిప్ దాకా

మన దేశంలో బ్యాంకులు క్రెడిట్ కార్డులివ్వడం 1980 ప్రాంతంలో మొదలైంది. 1923లో మచిలీపట్నంలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి ఈ రంగంలో తొలి బ్యాంకులలో ఒకటిగా నిలిచిందన్నది తెలుగువారు గర్వించదగిన విషయం. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

ఆ రోజుల్లో దుకాణదారుడు కార్డును ఒక చిన్న యంత్రంలో పెట్టి, పైన కార్బన్ కాగితంతో కూడిన చీటీ ఉంచి, పిడిని ఇటునుండి అటు లాగేవాడు. కార్డుపై ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు చీటీపై పడేవి. చించి పారవేసిన కార్బన్ కాగితాన్ని ఏరుకున్నవాడికి కూడా ఆ అంకెలు దొరికేవి. తరువాత నల్లని అయస్కాంత పట్టీ వచ్చింది. దానిలోని సమాచారం ఎప్పుడు చదివినా ఒక్కటే. కాబట్టి ఏ.టి.ఎం. ముఖద్వారానికి దొంగ పరికరం అమర్చి, పైన చిన్న కెమెరా పెట్టి, పిన్‌తో సహా నకలు కార్డు తయారుచేయడం సాధ్యమైంది. చిప్ అలా కాదు. ప్రతి లావాదేవీకీ అది కొత్త సంకేతాన్ని సృష్టిస్తుంది. నిన్నటి సంకేతం నేడు చెల్లదు. అందువలననే 2018 డిసెంబరు 31 నాటికి పట్టీ కార్డుల స్థానంలో చిప్ కార్డులు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది.

అంతకుముందే 2009 ఆగస్టు 1 నుండి, దేశంలోని ఆన్‌లైన్ కొనుగోళ్ళకు కార్డుపై ముద్రించిన వివరాలు చాలవని, అదనంగా మరొక ధ్రువీకరణ ఉండాలని నిర్దేశించింది. మనకు ఓటీపీ అలవాటైనది దీని ఫలితంగానే. 2022 అక్టోబరు 1 నుండి వర్తకుల వెబ్‌సైట్లు మన కార్డు సంఖ్యను దాచుకోరాదన్న నిబంధన అమలులోకి వచ్చింది. సంఖ్యకు బదులు వారి వద్ద ఒక మారు సంకేతం మాత్రమే ఉండాలి. గోడకు ఒక్కొక్క రాయి చేరుతూ వచ్చిందన్నమాట. మరి దొంగ ఎటునుండి వస్తున్నాడు?

ఎంత తరచుగా?

ముందు ధైర్యం చెప్పే లెక్క చూద్దాము. 2016 అక్టోబరులో ఒక చెల్లింపు సేవల సంస్థ కంప్యూటర్ వ్యవస్థలో హానికర సాఫ్ట్‌వేర్ చొరబడి, వివిధ బ్యాంకులకు చెందిన సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల సమాచారం ప్రమాదంలో పడింది. పత్రికలు పెద్ద అక్షరాలతో ప్రచురించాయి. అయితే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ అప్పట్లో వెల్లడించిన ప్రకారం, నిజంగా సొమ్ము పోయిందని ఫిర్యాదు చేసినవారు 19 బ్యాంకులకు చెందిన 641 మంది. పోయిన మొత్తం 1 కోటీ 30 లక్షల రూపాయలు. అంటే ప్రమాదంలో పడిన దాదాపు ఐదు వేల కార్డులకు ఒక్కటి. వివరాలు బయటపడటం వేరు, సొమ్ము పోవడం వేరు అని ఈ సంఘటన చెబుతున్నది.

రిజర్వు బ్యాంకు వార్షిక నివేదిక ప్రకారం 2024–25లో బ్యాంకులు తెలియజేసిన కార్డు, ఇంటర్నెట్ మోసాలు 13,516. వాటి విలువ 520 కోట్ల రూపాయలు. అంతకుముందు సంవత్సరం ఈ సంఖ్య 29 వేలకు పైగా ఉన్నది. దేశంలో క్రెడిట్ కార్డులే 2024 ఫిబ్రవరిలో 10 కోట్లు దాటాయి. డెబిట్ కార్డులు 90 కోట్లకు పైమాటే. ఈ లెక్కన లక్ష కార్డులకు ఒకటి, ఒకటిన్నర మోసం జరిగినట్లు.

ఇంత అరుదైనదానికి ఇంత వ్యాసమెందుకని పాఠకులు అడుగవచ్చును. ఇక్కడొక మెలిక ఉన్నది. ఆ నివేదికలో లక్ష రూపాయలు, అంతకుమించిన మోసాలనే లెక్కిస్తారు. మా మిత్రుని ఇంట పోయిన సొమ్ము ఆ పట్టికలో ఎక్కడా కనబడదు. సామాన్యుని నష్టం పది వేలో, నలభై వేలో ఉంటుంది. రెండవ వైపు నుండి చూస్తే చిత్రం వేరు. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ పార్లమెంటుకు తెలిపిన వివరాల ప్రకారం, 2024లో సైబర్ నేరాల వలన దేశ పౌరులు కోల్పోయినది 22,845 కోట్ల రూపాయలు. 2023లో అది 7,465 కోట్లు. ఒకే సంవత్సరంలో మూడింతలైంది. ఇందులో కార్డు మోసాలతో పాటు పెట్టుబడుల పేరిట, "డిజిటల్ అరెస్టు" పేరిట జరిగినవన్నీ కలిసి ఉన్నాయి.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచినది ఇది. కార్డు తాళం బద్దలు కొట్టడం అరుదు. తాళం చెవిని యజమాని చేతనే ఇప్పించుకోవడం నిత్యకృత్యం.

ఎందుకు జరుగుతున్నది?

మొదటి కారణం పైన చెప్పినదే. యంత్రం పటిష్ఠమైనకొద్దీ దొంగ దృష్టి మనిషి మీదకు మళ్ళింది. కార్డు రద్దవుతుందన్న భయం, పాయింట్లు పోతాయన్న తొందర, పరిమితి పెంచుతామన్న ఆశ అతని పనిముట్లు. ఈ మూడింటిలో ఏదో ఒకటి కదిలిస్తే చదువుకున్నవాడూ క్షణకాలం ఆలోచన మరచిపోతాడు. మోసపోవడం తెలివితక్కువతనానికి నిదర్శనం కాదు. పొయ్యి మీద పాలు పొంగుతుండగా, పిల్లవాడు బడి నుండి వచ్చే వేళకు వచ్చిన ఫోనుకు ఎవరైనా పరధ్యానంగానే జవాబిస్తారు. అతడు ఎదురుచూసేది అటువంటి వేళ కోసమే.

రెండవది ఫోనే. ఓటీపీ వచ్చేది ఫోనుకు. ఆ ఫోనులోనికే దొంగ ప్రవేశిస్తే ఇక అడగవలసిన అవసరం కూడా ఉండదు. బ్యాంకు పేరిటనో, ట్రాఫిక్ చలానా పేరిటనో వాట్సాప్‌లో "ఏపీకే" ఫైలు వస్తుంది. దానిని స్థాపించుకొని, అడిగిన అనుమతులన్నీ ఇచ్చినవారి సందేశాలు దొంగకు చేరిపోతాయి. మన తెరను దూరం నుండి చూపే యాప్‌లతోనూ ఇదే ముప్పు. అటువంటి యాప్‌ల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకులను అప్రమత్తం చేసింది.

మూడవది విదేశీ కొనుగోళ్ళ కిటికీ. 2009 నాటి అదనపు ధ్రువీకరణ నిబంధన దేశీయ లావాదేవీలకు ఉద్దేశించినది. విదేశీ వర్తకులకు అది వర్తించలేదు. కార్డు సంఖ్య, గడువు తేదీ, సి.వి.వి. ఉంటే చాలునన్న విదేశీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. అర్ధరాత్రి డాలర్లలో కొనుగోలు జరిగినట్లు వచ్చే సందేశాలకు మూలం తరచుగా ఇదే. మా మిత్రుని ఇంట మూడవ రాత్రి జరిగినదీ ఇదే.

నాల్గవది మన వంటి కుటుంబాలకే ప్రత్యేకం. బ్యాంకు సందేశం ఇంగ్లీషులో, ఫోను హిందీలో, ఇంట్లో మాట తెలుగులో. హెచ్చరిక ఒక భాషలో, మోసం మరొక భాషలో రావడం వలన ఉత్తరాదికి కొత్తగా వచ్చిన గృహిణులు, ఊరి నుండి వచ్చి మన వద్ద ఉండే తల్లిదండ్రులు రెండింటి మధ్య చిక్కుకుంటున్నారు. తెలియని భాషలో ఎదుటివాడు గట్టిగా మాట్లాడితే అధికారి అనుకోవడం సహజం. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటం మరీ సహజం.

మన పొరుగునే ఉన్న నూహ్

ఈ దొంగలు ఎక్కడో సముద్రాల ఆవల ఉన్నారనుకోనక్కరలేదు. జార్ఖండ్‌లోని జామ్‌తాడా పేరు అందరూ విన్నదే. హర్యానాలో మన పొరుగుననే ఉన్న నూహ్ జిల్లా, పూర్వపు మేవాత్, అటువంటి పేరునే తెచ్చుకొన్నది. 2023 ఏప్రిల్ 27–28 తేదీల నడిరాత్రి సుమారు 5,000 మంది హర్యానా పోలీసులు అక్కడి 14 గ్రామాలపై ఏకకాలంలో దాడి జరిపి, 125 మందిని అదుపులోనికి తీసుకొని 66 మందిని అరెస్టు చేశారు. దేశం నలుమూలలా సుమారు 28,000 మందిని మోసగించి 100 కోట్ల రూపాయల వరకు కాజేశారని పోలీసులు ప్రకటించారు. నకిలీ ఆధార్ కార్డులు, సిమ్ కార్డులు, ఏ.టి.ఎం. కార్డులు, కార్డు గీసే యంత్రాలు సైతం పట్టుబడ్డాయి.

ఆ 100 కోట్లను 28,000 మందికి పంచి చూస్తే ఒక్కొక్కరి నష్టం సగటున ముప్పై అయిదు వేల పైచిలుకు. లక్ష రూపాయల పట్టికకు అందని నష్టం ఎలా ఉంటుందో దీనిని బట్టి ఊహించవచ్చును. నాసిరకం ఫోను, పరుల పేరిట తీసిన సిమ్ కార్డు, తీయని మాట తప్ప ఈ వృత్తికి వేరే పెట్టుబడి లేదు. రోజుకు వంద మందికి ఫోను చేస్తే తొంభై తొమ్మిది మంది పెట్టివేసినా అతనికి నష్టం లేదు. ఆ ఒక్కరు మనం కాకుండా చూసుకోవడమే మన పని.

నష్టం ఎవరిది?

చాలామంది ఉద్యోగులకు తెలియని సంగతి ఇక్కడున్నది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఖాతాదారుని బాధ్యతకు పరిమితులు విధిస్తూ ఒక ఆదేశం జారీచేసింది. దాని సారాంశం ఇది.

తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుడు ఒక్క రూపాయి కూడా భరించనక్కరలేదు. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారునిదీ కాక, వ్యవస్థలో మరెక్కడో జరిగితే, బ్యాంకు నుండి సమాచారం అందిన తరువాత మూడు పనిదినాలలోగా తెలియజేసినవారి బాధ్యత సున్నా. నాలుగు నుండి ఏడు పనిదినాలలోగా తెలియజేస్తే పరిమిత బాధ్యత. అయిదు లక్షల వరకు పరిమితి గల క్రెడిట్ కార్డు విషయంలో అది గరిష్ఠంగా 10,000 రూపాయలు. అంతకుమించిన పరిమితి గల కార్డు విషయంలో 25,000 రూపాయలు. ఏడు దినాలు దాటితే ఆ బ్యాంకు విధానాన్ని బట్టి నిర్ణయం. తెలియజేసిన పది పనిదినాలలోగా వివాదాస్పద సొమ్మును బ్యాంకు తాత్కాలికంగా జమ చేయాలి. 90 రోజులలో ఫిర్యాదును పరిష్కరించాలి. ఖాతాదారుని తప్పును నిరూపించే భారం బ్యాంకుదే.

ఓటీపీ చెప్పినట్లుగా ఖాతాదారుని అజాగ్రత్తే కారణమైతే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం ఖాతాదారునిదే. అయితే తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. ఈ చివరి వాక్యాన్ని మరొకసారి చదువగోరుతాము. మన తప్పే అయినప్పటికీ, చెప్పిన క్షణం నుండి భారం మన భుజం దిగుతుంది. మా మిత్రుని ఇంట మొదటి సాయంత్రమే బ్యాంకుకు ఫోను చేసి ఉంటే, కార్డు నిలిచిపోయి మూడవ రాత్రి కొనుగోలు జరిగేది కాదు. ఒకవేళ జరిగినా నష్టం వారిది అయ్యేది కాదు. ఓటీపీ చెప్పడం కంటె, చెప్పానని చెప్పకపోవడమే వారికి ఎక్కువ ఖరీదైంది.

నిబంధనలు కాలానుగుణంగా సవరింపబడుతుంటాయి కనుక, మీ బ్యాంకు ప్రస్తుత విధానాన్ని శాఖలో అడిగి తెలుసుకోవడం మంచిది.

చేయవలసినవి

జరుగకముందు: బ్యాంకు యాప్‌లో కార్డుకు సంబంధించిన మీటలు ఉంటాయి. విదేశీ లావాదేవీలు, ఆన్‌లైన్ కొనుగోళ్ళు, తాకిస్తే చాలే చెల్లింపులు, ఒక్కొక్కదానిని ఆపివేసే, పరిమితి తగ్గించే వీలు కల్పించాలని రిజర్వు బ్యాంకు 2020లో బ్యాంకులను ఆదేశించింది. విదేశాలకు వెళ్ళని కుటుంబానికి విదేశీ మీట తెరచి ఉంచవలసిన అవసరమేమున్నది? పది నిమిషాల పని, ఈ ఆదివారమే చేయవచ్చును. బదిలీపై ప్రాజెక్టుకు వెళ్ళేటప్పుడు పాత ఫోను సంఖ్యను వదలివేసేవారు ముందుగా బ్యాంకులో కొత్త సంఖ్యను నమోదు చేయించాలి. వాట్సాప్‌లో వచ్చిన ఏ యాప్‌నూ స్థాపించరాదు. వెబ్‌సైటులో వెదికిన "కస్టమర్ కేర్" సంఖ్యకు కాక, కార్డు వెనుక ముద్రించిన సంఖ్యకే ఫోను చేయాలి. బ్యాంకుల అసలు వెబ్‌సైట్లను గుర్తించేందుకు "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాను రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసిందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

జరిగిన తరువాత: మొదట బ్యాంకుకు చెప్పి కార్డును నిలుపుదల చేయించి, ఫిర్యాదు సంఖ్య వ్రాసుకోవాలి. వెనువెంటనే 1930కి ఫోను చేయాలి. సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మారుతూ పోతుంది కనుక, చేరిన చోటనే దానిని ఆపగలగడం మొదటి గంటలలోనే సాధ్యం. మన ప్రాంతంలో 1930కి సమాధానం సాధారణంగా హిందీలో వస్తుంది. కాబట్టి లావాదేవీ తేదీ, సమయం, మొత్తం, సందేశంలోని సంఖ్య, బ్యాంకు పేరు ఒక కాగితంపై వ్రాసుకొని మాట్లాడటం, హిందీ వచ్చిన పొరుగువారిని పక్కన కూర్చోబెట్టుకోవడం మేలు. తరువాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయాలి. ఫరీదాబాద్‌లో సైబర్ నేరాలకు ప్రత్యేక పోలీసు స్టేషన్లు కూడా ఉన్నాయి. బ్యాంకు 30 రోజులలో సమాధానమివ్వకున్నా, ఇచ్చిన సమాధానం తృప్తికరంగా లేకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చును.

చివరగా ఒక మాట

ప్రతి ఏటా మన సంస్థలో నిఘా చైతన్య వారోత్సవం జరుపుకొని ప్రతిజ్ఞ చేస్తాము. ఆ వారంలో ఒక సాయంత్రాన్ని కుటుంబ సభ్యుల కోసం కేటాయించి, ఈ విషయాలను వారి వారి మాతృభాషలలో వివరించే ఏర్పాటు చేస్తే బాగుంటుందని మా సూచన. హెచ్చరిక అన్నది అర్థమయ్యే భాషలో ఉన్నప్పుడే హెచ్చరిక అవుతుంది.

అంతకంటె ముఖ్యమైన ఏర్పాటు మాత్రం ఎవరి ఇంట వారే చేసుకోవాలి. మా మిత్రుని ఇంట ఇప్పుడొక నియమం ఉన్నది. ఫోను గురించి, డబ్బు గురించి ఎవరు ఏ పొరపాటు చేసినా ఆ క్షణమే చెప్పాలి. విన్నవారు ఆ రోజు ఒక్క మాట కూడా అనరాదు. ముందు బ్యాంకుకు ఫోను, తరువాత 1930, ఆ తరువాత ఒక కప్పు కాఫీ. తప్పొప్పుల విచారణ ఏదైనా ఉంటే మరుసటి ఆదివారానికి వాయిదా. ఆ ఆదివారం ఇంతవరకు రాలేదని ఆవిడ నవ్వుతూ చెప్పారు.

దొంగకు కావలసినది మన తొందరపాటు, దాని వెనుక వచ్చే మన మౌనం. తొందరపాటును పూర్తిగా జయించడం మానవమాత్రులకు కష్టమే. మౌనాన్ని విడిచిపెట్టడం మాత్రం ప్రతి ఇంటికీ సాధ్యమే. పాఠకులు ఈ సంచికను మూసేలోగా ఇంట్లోని పెద్దవారి పక్కన ఒక్క అయిదు నిమిషాలు కూర్చుని ఈ సంగతి తెలుగులో చెబుతారని ఆశిస్తున్నాము.